కొరియా వాళ్ళ బంగాళాదుంప ఇగురు: గమ్‌జా జొరిమ్ ఇంట్లో చేసుకునే పద్ధతి

కొరియా భాషలో గమ్‌జా అంటే బంగాళాదుంప. మీరు ఆలుగడ్డ అనండి, ఉర్లగడ్డ అనండి, దుంప అదే. జొరిమ్ అన్న మాటకైతే తెలుగులో అచ్చంగా సరిపోయే మాట ఉంది: ఇగురు. సోయా సాసూ తీపీ కలిపిన నీళ్ళలో ముక్కలు ఉడికించి, ఆ నీరు ముక్కకు పట్టి చిక్కబడేదాకా ఇగరబెడితే అది జొరిమ్. ముల్లంగితో చేస్తారు, టోఫూతో చేస్తారు, చేపతో చేస్తారు. అన్నిటిలోకీ తేలికైనది దుంపతో చేసేదే. తాలింపు లేదు, మసాలా డబ్బా తెరిచే పని లేదు, ముప్పావుగంటలో అయిపోతుంది.

వండే ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. ఇది అన్నంలో కలుపుకునే కూర కాదు, నంజుకునేది. ముక్క ఎంత ఉండాలి, ఉప్పు ఎంత పడాలి, ఎక్కడ దించాలి అన్నవన్నీ ఈ తేడా మీదే ఆధారపడి ఉన్నాయి.

నాకిది తెలిసింది సువాన్‌లో. సియోల్‌కి దక్షిణాన ఉండే ఊరది. ఉద్యోగం కోసం అక్కడున్న రోజుల్లో పల్దల్‌మున్ కోట గుమ్మం దగ్గరి సంతలో ఒక చిన్న దుకాణానికి వెళ్ళేవాణ్ణి. వండిన పక్క వంటకాలు చిన్న చిన్న డబ్బాల్లో అమ్మేవాళ్ళు. అలాంటి వంటకాలన్నిటినీ కలిపి బన్‌చన్ అంటారు. దుకాణం నడిపే ఆవిణ్ణి అందరూ ‘ఇమో’ అని పిలిచేవారు. ఇమో అంటే పిన్ని, అమ్మ చెల్లెలైనా అక్కైనా అదే మాట. వరస లేకపోయినా హోటళ్ళలో, అంగళ్ళలో పెద్దవాళ్ళైన ఆడవాళ్ళను అలా పిలవడం అక్కడ మామూలే. మొదటి వారం ఒక డబ్బా గమ్‌జా జొరిమ్ కొనుక్కెళ్ళి, మనలాగే వేడన్నంలో మొత్తం వేసి కలుపుకున్నాను. నాలుగు ముద్దలకే ఉప్పు ఎక్కువైంది, తీపి మొహం మొత్తింది. మళ్ళీ వెళ్ళినప్పుడు ఉప్పు తగ్గించింది ఏమైనా ఉందా అని వచ్చీరాని కొరియన్‌లో అడిగాను. ఎలా తిన్నావని అడిగింది. చెప్పాను. ఆవిడ గిన్నెలో ఇంత అన్నం పెట్టి, ఒక చెంచా అన్నం, దాని తరవాత ఒకే ఒక్క ముక్క, మళ్ళీ అన్నం, ఈసారి కిమ్చి, అలా తినిపించింది. ముందు నాకు ఎక్కువనిపించిన ఉప్పు సరిగ్గా సరిపోయింది.

మనం పెరుగన్నంలో మాగాయ ముక్క నంజుకున్నట్టే అనుకోండి. మాగాయను ఎవరూ చప్పగా పెట్టరు. కొరియా భోజనంలో అన్నానికి ఉప్పు వేయరు, సూపు పల్చగా ఉంటుంది. రుచంతా చుట్టూ ఉన్న చిన్న గిన్నెల్లోంచి రావాలి. అన్నం గిన్నె ఎడమవైపు, సూపు కుడివైపు ఎవరిది వారికి ఉంటాయి. బన్‌చన్ మాత్రం బల్ల మధ్యన పెడితే అందరూ అందులోంచే తీసుకుంటారు. అందుకే గమ్‌జా జొరిమ్ గిన్నె నిండా వడ్డించేది కాదు. అర కిలో దుంపలు నలుగురికి రెండు పూటలు వస్తాయి.

ఏ దుంప తీసుకోవాలి

కొరియాలో ఈ వంటకానికి మంచి కాలం జూన్ నెల. పగలు బాగా పొడుగుండే రోజును, అంటే జూన్ 21 ప్రాంతాన్ని, వాళ్ళు హాజి అంటారు. ఆ రోజుల్లో తవ్వి తీసిన కొత్త దుంపకు హాజి గమ్‌జా అనే పేరే ఉంది. తూర్పున ఉండే కొండల సీమ గంగ్‌వన్ ఈ పంటకు పేరుమోసింది. వరి సరిగ్గా పండని ఎత్తు నేలల్లో కడుపు నింపింది దుంపే. గంగ్‌వన్ వాళ్ళను మిగతా ప్రాంతాలవాళ్ళు గమ్‌జా బవి, అంటే బంగాళాదుంప బండ, అని పిలవడం కూడా ఉంది. నిజానికి దుంప కొరియాకు పాతకాలపుది కాదు. 1824-25 ప్రాంతంలో ఉత్తరాన తుమెన్ నది దాటి చైనా వైపు నుంచి వచ్చిందని అప్పటి రాతల్లో ఉంది. ఆ తరవాత రెండు వందల ఏళ్ళలో ఇంటింటి బల్ల మీదికీ చేరింది.

మనకు కావలసింది ఉడికినా విరగని దుంప. దుంపల్లో రెండు రకాలు చూస్తుంటాం. ఒకటి ఉడికితే పొడిపొడిగా పగిలిపోయే పిండి దుంప. బోండాల్లోకి అది బాగుంటుంది, దీనికి పనికిరాదు. రెండోది ఉడికినా అంచు నిలబెట్టుకునే దుంప. మార్కెట్లో చూసి తేల్చుకోవడం కష్టమే కానీ, గోటితో గీరితే పల్చటి పొట్టు ఊడొచ్చే కొత్త దుంప చాలావరకు నిలబడుతుంది. అమెరికాలో ఉన్నవాళ్ళు యూకాన్ గోల్డ్ తీసుకోండి, రసెట్ వద్దు. పొట్టు కింద పచ్చగా ఉన్న దుంపా, మొలకలొచ్చిన దుంపా ఏ కూరకైనా పక్కన పెట్టాల్సిందే.

కోల్డ్ స్టోరేజీలో చాలా నెలలున్న దుంప ఒక్కోసారి తియ్యగా ఉంటుంది. చలికి దుంపలోని పిండి కొంత చక్కెరగా మారడం వల్ల అలా అవుతుంది. అలాంటిది తగిలితే కింద చెప్పిన చక్కెర సగానికి తగ్గించండి. వేయించేటప్పుడు తొందరగా ఎర్రబడుతుంది కూడా, మంట చూసుకోండి.

మిగతా సామాను

అర కిలో దుంపలకు (మధ్యరకం నాలుగు) కావలసినవి ఇవి: ఒక చిన్న ఉల్లిపాయ, ఇష్టముంటే సగం క్యారెట్, వెల్లుల్లి మూడు రెబ్బలు, పచ్చిమిర్చి ఒకటి, వాసన లేని నూనె టేబుల్ స్పూన్నర, నీళ్ళు 200 మి.లీ., సోయా సాసు 3 టేబుల్ స్పూన్లు, చక్కెర 1 టేబుల్ స్పూను, తేనె లేదా పాకం 1 టేబుల్ స్పూను, కొరియా నువ్వుల నూనె 1 టీ స్పూను, వేయించిన నువ్వులు 1 టీ స్పూను. ఉప్పు అసలు లేదు. మరిచిపోయి రాయకపోవడం కాదు, వేయకూడదు.

వీటిలో సోయా సాసు దగ్గర ఆగి మాట్లాడుకోవాలి, ఎందుకంటే ఈ వంట బాగుపడేదీ పాడయ్యేదీ దానితోనే.

కొరియా సోయా సాసును గన్‌జంగ్ అంటారు. పాత పద్ధతిలో ఉడికించిన సోయా గింజలను దంచి ఇటుకల్లా చేసి, గడ్డితో కట్టి వేలాడదీసి పులియబెడతారు. ఆ ఇటుకల పేరు మెజు. వాటిని పెద్ద మట్టి జాడీల్లో ఉప్పునీళ్ళలో నెలల తరబడి ఊరనిస్తారు. అందులోంచి తీసిన నీరు గన్‌జంగ్, మిగిలిన ముద్ద దెన్‌జంగ్. ఇలా జంగ్ (సోయాను పులియబెట్టి చేసే ఈ సరుకులన్నిటి పేరు) పెట్టే సంప్రదాయాన్ని 2024 డిసెంబరులో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఇళ్ళల్లో పెట్టే ఆ పాత రకాన్ని గుక్ గన్‌జంగ్ అంటారు. రంగు తక్కువ, ఉప్పు ఎక్కువ, సూపుల్లోకి వాడతారు. జొరిమ్‌కి అది కాదు. జిన్ గన్‌జంగ్ అని గానీ, యంగ్‌జొ గన్‌జంగ్ అని గానీ సీసా మీద ఉండే రకం కావాలి. కాస్త తీపి, కాస్త చిక్కదనం ఉంటాయి. అమెరికాలో హెచ్ మార్ట్ లాంటి కొరియా దుకాణాల్లో సులువుగా దొరుకుతుంది.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి అది దొరక్కపోతే జపాన్ సోయా సాసు, ఉదాహరణకు కిక్కోమన్, అదే కొలతతో వేసుకోవచ్చు. అదీ లేకపోతే లైట్ సోయా అని రాసి ఉన్నది కొనండి. మన ఫ్రైడ్ రైస్ బండ్ల దగ్గర కనిపించే నల్లటి డార్క్ సోయా మాత్రం వద్దు. అందులో రంగు కోసం కారమెల్ కలుపుతారు. నేను భారతదేశం తిరిగొచ్చాక మొదటిసారి దానితోనే చేశాను. దుంపలు తారు పూసినట్టు అయ్యాయి, చేదు తగిలింది, మా అమ్మ ఒక ముక్కతో ఆపేసింది. ఇంట్లో డార్క్ సోయా తప్ప ఇంకేదీ లేని రోజు ఒక టేబుల్ స్పూన్ మాత్రమే వేసి, మిగతా ఉప్పదనం మామూలు ఉప్పు పావు టీ స్పూనుతో సరిచేసుకోండి. ఉప్పు వేయడానికి నేను ఒప్పుకునే సందర్భం అదొక్కటే.

బీపీ ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే ఈ లెక్క తెలియాలి. ఒక టేబుల్ స్పూన్ సోయా సాసులో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, అంటే రెండు గ్రాముల పైచిలుకు ఉప్పు. రోజుకు మొత్తం 5 గ్రాముల లోపు ఉప్పు మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. వాళ్ళకోసం సాసు రెండు టేబుల్ స్పూన్లకు తగ్గించండి, నాలుగైదు ముక్కలకు మించి వడ్డించకండి. గోధుమ పడనివాళ్ళు సీసా వెనక చదవండి, బజారు సోయా సాసుల్లో చాలావాటిలో గోధుమ ఉంటుంది.

తీపి కోసం కొరియాలో చక్కెరతో పాటు ముల్‌యత్ అనే పల్చటి పాకమో, బియ్యం నుంచి తీసే జొచంగ్ అనే పాకమో వాడతారు. ముక్కకు ఆ నిగనిగలాడే మెరుపు వచ్చేది వాటితోనే. మనకు తేనె చక్కగా సరిపోతుంది. బెల్లం పాకం కూడా వేసి చూశాను. రుచి బాగుంటుంది కానీ బెల్లం తన వాసన వదలదు, అప్పుడది కొరియా వంటలా ఉండదు, మన వంటలానే ఉంటుంది. మీకది ఇష్టమైతే వేసుకోండి.

నువ్వుల నూనె విషయంలో పేరు చూసి పొరపడతాం. మనం ఆవకాయలో పోసే నువ్వుల నూనె పచ్చి నువ్వులు గానుగాడింది, లేత పసుపు రంగులో ఉంటుంది. కొరియా వాళ్ళ చమ్‌గిరుమ్ వేయించిన నువ్వుల నుంచి తీసింది. ముదురు గోధుమ రంగు, ఒక్క చెంచాకే గది నిండే వాసన. అది లేకపోతే నా మార్గం ఇది: రెండు టీ స్పూన్ల నువ్వులను పొడి మూకుట్లో చిటపటలాడి కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, రోట్లో కచ్చాపచ్చాగా దంచి, ఒక టీ స్పూన్ మన నువ్వుల నూనెలో కలిపి ఉంచండి. దించాక అదే వేయండి. నువ్వులుండ చేసే ఇంట్లో ఆ వాసన కొత్త కాదు.

కోయడం, కడగడం

దుంపల చెక్కు తీసి, రెండు సెంటీమీటర్ల చదరపు ముక్కలు కోయండి. బొటనవేలి గోరంత వెడల్పు అనుకుంటే కాస్త పెద్దదే, అటూ ఇటూ ఉన్నా పర్లేదు. అన్నీ ఒకే పరిమాణంలో ఉండటం మాత్రం తప్పనిసరి. చిన్న ముక్క ముందే ఉడికి చితికి, ఆ పిండి నీళ్ళలో కలిసిందంటే మొత్తం కూర ముద్దవుతుంది. ఒక ముక్క ఒక నోటికి సరిపోవాలి, చాప్‌స్టిక్స్‌తో పట్టుకుంటే జారకూడదు. అదే కొలత. క్యారెట్ ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది, దాన్ని ఇంకొంచెం చిన్నగా తరగండి. ఉల్లిపాయ కూడా చదరంగానే, రేకలు విడదీసి.

కోసిన దుంపలను రెండు మూడు సార్లు నీళ్ళు మార్చి కడిగి, పది నిమిషాలు చల్లటి నీళ్ళలో వదిలేయండి. మొదటి నీళ్ళు పాలలా తెల్లగా వస్తాయి. అది ముక్క పైనుండే పిండి. అది పోకపోతే బాణలికి అంటుకుంటుంది, పాకం మెరవకుండా గంజిలా మసకబారుతుంది. తరవాత నీళ్ళు వంపేసి, బట్ట మీద పరిచి తడి తుడవండి. తడి ముక్కలు నూనెలో వేస్తే చిట్లుతుంది, పైగా ముక్క వేగదు, ఉడుకుతుంది.

పొయ్యి మీద

వెడల్పాటి బాణలి కావాలి. ముక్కలన్నీ ఒకే వరసలో పరుచుకునేంత వెడల్పు. లోతైన గిన్నెలో వేస్తే కింది ముక్కలు చితుకుతాయి, పైవాటికి పాకం అందదు.

నూనె వేడయ్యాక దుంపలూ క్యారెట్టూ వేసి మధ్యరకం మంట మీద నాలుగైదు నిమిషాలు వేయించండి. మన వేపుడులా ఎర్రగా కానక్కర్లేదు. అంచులు గాజులా పారదర్శకంగా మారి, అక్కడక్కడ లేత బంగారు రంగు కనిపిస్తే చాలు. ఇలా వేయించడం రుచికోసమే కాదు, ముక్క పైన పొరలా గట్టిపడి తరవాత విరగకుండా ఉంటుంది.

ఇప్పుడు 200 మి.లీ. నీళ్ళు పోసి చక్కెర వేయండి. సోయా సాసు ఇంకా వద్దు. మూత పెట్టి ఐదు నిమిషాలు ఉడకనివ్వండి. కొరియాలో చాలా ఇళ్ళలో నీళ్ళూ సాసూ తీపీ అన్నీ ఒకేసారి పోసేస్తారు, అదీ తప్పు కాదు. కానీ నేను రెండు దఫాలుగా పోస్తాను, కారణం మన వంటింట్లోనే ఉంది. చింతపండు పులుసు ముందే పోస్తే ముక్క ఉడకదని మన పెద్దవాళ్ళు చెప్తారు కదా. పులుపుకు కూరగాయ గట్టిగా నిలబడిపోతుంది. సోయా సాసు నాలుకకు పుల్లగా తగలకపోయినా పులిసిన సరుకే, అందులో కొంత ఆమ్లం ఉంటుంది. దుంప సగం ఉడికాక పోస్తే ఆ చిక్కు ఉండదు. చక్కెరను ముందు వేయడం మాత్రం అక్కడి వంటవాళ్ళు చెప్పే పద్ధతే. తీపి లోపలికి వెళ్ళడానికి ఎక్కువసేపు పడుతుంది, ఉప్పు తరవాత వచ్చినా అందుకుంటుంది అంటారు.

ఐదు నిమిషాలయ్యాక ఒక ముక్కను టూత్‌పిక్‌తో గుచ్చండి. పైన దిగి మధ్యలో ఆగాలి. ఆ స్థితిలో సోయా సాసు, సన్నగా తరిగిన వెల్లుల్లి వేసి, మూత తీసేసి మంట మధ్యస్థంగా ఉంచండి. ఇక ఇగిరే దశ. ఎనిమిది నుంచి పది నిమిషాలు పడుతుంది.

ఈ పది నిమిషాల్లో గరిటె ఎంత తక్కువ తగిలితే కూర అంత బాగుంటుంది. బాణలి చెవులు పట్టుకుని అటూ ఇటూ ఊపండి. లేదా ఒక చెంచాతో అంచునుంచి పాకం తీసి పైముక్కల మీద పోస్తూ ఉండండి. సువాన్ దుకాణంలో ఆవిడ వండుతుంటే చూశాను, పది నిమిషాలూ అదే పని, పోయడం, ఊపడం. మొదట్లో బుడగలు చిన్నగా, నీళ్ళలా గలగలమంటాయి. నీరు తగ్గేకొద్దీ బుడగ పెద్దదై నెమ్మదిగా పగులుతుంది, చప్పుడు మందగిస్తుంది. పాకం పట్టే అలవాటున్నవాళ్ళకు ఆ తేడా చెవితోనే తెలుస్తుంది. అక్కడి నుంచి పక్కకు వెళ్ళకండి, చక్కెర ఉంది కాబట్టి రెండు నిమిషాల్లో అడుగంటుతుంది.

నీరు మూడో వంతుకు వచ్చాక ఉల్లిపాయ వేయండి. ముందే వేస్తే కరిగి కనపడకుండా పోతుంది. ఇంకో మూడు నిమిషాలకు పచ్చిమిర్చి చక్రాలు, తేనె వేసి, మంట పెంచి ఒక్క నిమిషం ఊపండి. ముక్కల మీద మెరుపు వచ్చేది ఆ నిమిషంలోనే. అడుగున రెండు మూడు టేబుల్ స్పూన్ల పాకం ఇంకా మిగిలి ఉండగానే పొయ్యి కట్టేయండి. మన ఇగురు అలవాటుతో పూర్తిగా నూనె తేలేదాకా ఉంచాలనిపిస్తుంది. ఆగండి. చల్లారేటప్పుడు దుంప ఆ మిగిలింది కూడా పీల్చుకుంటుంది. పొయ్యి మీదే పొడిగా చేస్తే, చల్లారాక ముక్క ఎండిపోయి పైన చక్కెర గట్టిపడుతుంది.

కట్టేశాక నువ్వుల నూనె చుట్టూ తిప్పి పోసి, నువ్వులు చల్లండి. మంట మీద పోస్తే ఆ వాసన ఆవిరిలో పోతుంది.

వెంటనే రుచి చూసి తీర్పు చెప్పకండి. వేడిమీద తీపి ముందు తగులుతుంది, ఉప్పు వెనకబడుతుంది. గంటసేపు చల్లారాక చూడండి. బన్‌చన్ చాలావరకు చల్లగానో గోరువెచ్చగానో తినేవే, వడ్డించే ముందు మళ్ళీ వేడి చేయడం అక్కడ కనిపించదు.

తేడా వస్తే

ముక్క ఉడక్కముందే నీరు ఇగిరిపోతే వేడినీళ్ళు పావు గ్లాసు పోసి మూత పెట్టండి, చన్నీళ్ళు వద్దు. ముక్క మెత్తబడిపోయి నీరు ఇంకా చాలా ఉంటే ముక్కలను ప్లేటులోకి తీసేసి, పాకాన్ని మాత్రం చిక్కగా మరిగించి పైన పోసేయండి. ఉప్పెక్కువైతే ఇంకో దుంప విడిగా ఉడికించి కలపొచ్చు. నీళ్ళు పోసి మళ్ళీ ఇగరబెడితే లాభం లేదు, ఉప్పు ఎక్కడికీ పోదు, దుంప చితుకుతుంది. మొత్తం ముద్దయిపోయిందా, దానికీ మందుంది: చపాతీలో చుట్టుకోండి, పిల్లలు ఇష్టంగా తింటారు.

అదే పద్ధతిలో ఇంకొన్ని

గోలీకాయలకన్నా కాస్త పెద్దగా ఉండే చిట్టి దుంపలు దొరికితే అల్‌గమ్‌జా జొరిమ్ చేయండి. నా లెక్కలో దుంప వంటకాలన్నిటిలో ఇదే మేటి. పొట్టు తీయరు. బాగా రుద్ది కడిగి, నీళ్ళలో ముప్పాతిక ఉడికించి, నూనెలో వేయించి, పై కొలతల్లోనే సాసూ తీపీ పోసి సన్న సెగ మీద ఓపిగ్గా ఇగరబెట్టాలి. నలభై నిమిషాల దాకా పడుతుంది. చివరికి పొట్టు ముడతలు పడి, కొరికితే కాస్త సాగుతుంది, లోపల వెన్నలా ఉంటుంది.

మాంసాహారులు ఎండు నెత్తళ్ళు గుప్పెడు పొడి మూకుట్లో వేయించి నీళ్ళతో పాటు వేసుకోవచ్చు. కొరియాలో చాలా ఇళ్ళలో అలా చేస్తారు. శాకాహారులకు నీళ్ళ బదులు దషిమా నీళ్ళు ఉన్నాయి. దషిమా అంటే ఎండబెట్టిన సముద్రపు నాచు. అరచేతిలో సగమంత ముక్కను అరగంట నానబెట్టి తీసేస్తే ఆ నీళ్ళకు మంచి రుచి వస్తుంది.

కార్తీకంలో, వ్రతాల రోజుల్లో ఉల్లీ వెల్లుల్లీ తినని ఇళ్ళవాళ్ళు రెండూ నిశ్చింతగా వదిలేయండి. కొరియా బౌద్ధ మఠాల వంటలో కూడా ఉల్లి జాతి ఘాటు ఆకులూ గడ్డలూ నిషిద్ధమే, వాటి పేరే ఒసిన్‌చె, ఐదు ఘాటు దినుసులు అని. అక్కడి సన్యాసినులు రుచి కోసం దషిమా మీద, ఎండు పుట్టగొడుగుల మీద ఆధారపడతారు. దుంపలోకి అవి అద్భుతంగా కలుస్తాయి.

కారం కావాలంటే కొరియా ఎండుమిరప పలుకులు, గొచుగరు, అర టీ స్పూను వేస్తారు. దాని బదులు గుంటూరు కారప్పొడి అదే కొలతతో వేయకండి. ఘాటు సంగతి పక్కన పెట్టినా, మెత్తటి పొడి పాకాన్ని మసకబరుస్తుంది. బ్యాడిగి మిరపకాయలు రెండు గింజలు తీసి కచ్చాపచ్చాగా నలిపి వేయండి.

పాతిక నిమిషాలే ఉన్న రోజున జొరిమ్ వదిలేసి గమ్‌జా చె బొక్కుమ్ చేసుకోండి. దుంపలను అగ్గిపుల్లల్లా సన్నగా తరిగి, ఒక టీ స్పూను ఉప్పు కలిపిన నీళ్ళలో పది నిమిషాలు ఉంచి, తడి తుడిచి, రెండు టేబుల్ స్పూన్ల నూనెలో ఉల్లిపాయతో కలిపి ఐదారు నిమిషాలు వేయించాలి. రంగు మారకూడదు, తెల్లగానే ఉండాలి. కొంచెం కరకర మిగిలి ఉండగా నువ్వులు చల్లి దించేయాలి. కొరియా పిల్లల దొసిరక్‌లో, అంటే మధ్యాహ్నం డబ్బాలో, బాగా కనిపించే వంటకం.

దేనితో తినాలి, ఎన్నాళ్ళు ఉంటుంది

కొరియా అన్నం పొట్టి గింజ, ఒకదానికొకటి అంటుకుంటుంది. దాని పక్కన ఇది ఎలా ఉంటుందో రుచి చూడాలంటే కొరియా హోటలుకు వెళ్ళండి. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ మొదలయ్యాక మన అనంతపురం వైపు కూడా కొరియన్ల కోసం హోటళ్ళు వచ్చాయి. అక్కడ బన్‌చన్ గిన్నెలకు వేరే డబ్బు అడగకపోతే ఆశ్చర్యపోకండి, భోజనంతో కలిపి ఇవ్వడం, అయిపోతే మళ్ళీ పెట్టడం కొరియా మర్యాద. ఇంట్లో అయితే సోనా మసూరి అన్నం, పల్చటి పప్పుచారు, పక్కన ఈ ముక్కలు నాలుగు. పెరుగన్నంలోకి ఇంకా బాగుంటుంది. చింతపండు పులుసుల పక్కన మాత్రం నాకు నచ్చలేదు, తీపీ పులుపూ పోట్లాడుకుంటాయి.

పూర్తిగా చల్లారాక మూత గట్టిగా ఉండే గాజు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు నాలుగు రోజులు ఉంటుంది. రెండో రోజు రుచి మొదటి రోజుకన్నా మెరుగు, ఉప్పూ తీపీ ముక్క మధ్యదాకా చేరతాయి. ఫ్రిజ్‌లో దుంప కాస్త గట్టిపడుతుంది, తినే పావుగంట ముందు బయట పెట్టండి. ఫ్రీజర్‌లో పెట్టొద్దు, కరిగాక స్పాంజిలా అవుతుంది. ఎప్పటికప్పుడు కావలసినంత వేరే గిన్నెలోకి పొడి చెంచాతో తీసుకోండి, డబ్బాలో ఎంగిలి చెంచా పెట్టకండి. ఊరగాయ జాడీకి పాటించే మడే దీనికీ.

ముక్కలన్నీ డబ్బాలోకి తీశాక బాణలి అడుగున పాకం పూతలా మిగిలి ఉంటుంది. కడిగేయకండి. వేడన్నం రెండు గరిటెలు అందులోనే వేసి, చేత్తో అంచులదాకా తుడిచి కలిపి, మిగిలిన నువ్వులు పైన చల్లి, ఇంట్లో ఉన్నవాళ్ళకు తలా ఒక ముద్ద పెట్టండి. నంజుకునే వంటకంలో కలుపుకునే ముద్ద ఇదొక్కటే.